వెనక మనిషి

సోమలింగం గురువుగారిని ప్రశ్న అడగాలంటే జనం కాస్త ముందూ వెనకా చూసుకునేవారు. ఆయన కోప్పడతారని కాదు, జవాబు చెప్పకుండా పని చెప్తారని. దేవుడు ఉన్నాడా లేడా తేల్చమని పట్టుబట్టిన ఒక పెద్దమనిషి చేత గోశాల గోడకి సున్నం వేయించారు. మోక్షం ఎప్పుడొస్తుందని అడిగిన పంతులొకడు మధ్యాహ్నం దాకా చింతపండులో గింజలు తీసి, సాయంత్రం బస్సెక్కి మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు. గొడుగుకొండ కింద అంత చల్లని చోటు, అంత తియ్యని నీళ్ళ బావి, రెండు పూటలా అన్నం ఉండి కూడా ఆ మఠంలో శిష్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మందే ఉండేవారంటే కారణం అదే. ఆయన చెప్పిన పని చేస్తూ చేస్తూ ఉండగానే ప్రశ్న ఎటు పోయిందో తెలియలేదని చెప్పుకునేవాళ్ళూ లేకపోలేదు. సున్నం వేసిన పెద్దమనిషి మాత్రం ఆ మాట ఒప్పుకోడు.

ఆ కొద్దిమంది శిష్యుల్లో గౌరమ్మ ఒకతె. యాభై దాటిన మనిషి. కొండ కింది ఊళ్ళో నాయుళ్ళ ఇంటి చిన్నకోడలు. పిల్లలు ఎవరి సంసారాల్లో వాళ్ళు స్థిరపడ్డాక రోజూ సాయంత్రం మఠానికి వచ్చి, వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, గురువుగారు చెప్పే నాలుగు మాటలూ స్తంభానికి ఆనుకుని విని వెళ్ళేది. పనికి వెనకాడే మనిషి కాదు. ప్రశ్న అడగడానికే ఆమెకి నోరు రాదు. అన్నేళ్ళలోనూ ఆమె ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. అటువంటిది ఒక దశమి నాటి సాయంత్రం, మిగిలినవాళ్ళందరూ వెళ్ళిపోయేదాకా చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చి, చివరికి స్తంభం దగ్గరికి వచ్చి నిలబడింది.

"స్వామీ, పిలిచే మనిషి పోతే, పలికే మనిషి ఏటి చెయ్యాల?" అంది.

గురువుగారు దీపాలకి వత్తులు చేస్తున్నారు. ఎవరు పోయారనీ, ఎవరు పలికేవారనీ ఆయన అడగలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి ఆయనకి తెలియకుండా ఉంటుందా? "రేపు ఏకాదశి. కొండెక్కుతావు కదమ్మా?" అన్నారు. ఎక్కుతానంది. "ఒక్కదానివేనా?" అన్నారు. ఏడాదిగా ఒక్కదాన్నేనంది. "మన వంటాయనకి జ్వరం పట్టి వదలడంలేదు. పైన గుడి వెనక రాళ్ళ సందుల్లో నేలవేము ఉంటుంది. దిగేటప్పుడు గుప్పెడు కోసుకురా" అని మళ్ళీ వత్తుల్లో పడిపోయారు. అందరికీ చెప్పినట్టే గౌరమ్మకీ పని చెప్పారు. పదిమందిలో ఒకతెగా ఉండడం ఆమెకి కొత్త కాదు గానీ, ఆ ఒక్క ప్రశ్న విషయంలో మాత్రం తనని వేరుగా చూస్తారని ఆశపడింది. సరే స్వామీ అని తలవంచుకుని ఇంటికి పోయింది.

గొడుగుకొండ గురించి తెలియనివాళ్ళకి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆ కొండకి ఆ పేరు రావడానికి కారణం మబ్బు. చుట్టుపక్కల ఎక్కడా మబ్బు లేనిరోజున కూడా తెల్లవారుజామున ఆ శిఖరం మీద ఒక మబ్బు గొడుగు పట్టినట్టు కూర్చుని ఉంటుంది. పైన మల్లన్న గుడి, గుడి ముందు బల్లపరుపు రాయి. ఆ రాయి మీద నిలబడి సూర్యోదయం చూస్తే జన్మ ధన్యమని ఎవరు ప్రచారం చేశారో గానీ, ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, పట్నంనుంచి జనం కార్లేసుకుని దిగబడతారు. బూట్లు, టోపీలు, సెల్‌ఫోన్లలో పాటలు. పైన కూల్‌డ్రింకులు అమ్మే కొట్టు కూడా వెలిసింది. సూర్యుడికి వీపు తిప్పి ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. మిగిలిన రోజుల్లో మాత్రం కొండ కొండలాగే ఉంటుంది.

వెనకటి రోజుల్లో ఆ కొండ ఎక్కడానికి ఒక పద్ధతి ఉండేది. మంచులో ముందు నడిచే మనిషి వెనక మనిషికి కనపడడు. దారి ఒక పక్కన కొండ, ఇంకో పక్కన లోయ. అందుకని ముందు మనిషి ప్రతి మలుపులోనూ ఆగి "కొండెవరిదోయ్?" అని కేకవెయ్యాలి. వెనక మనిషి "మనదేనోయ్!" అని పలకాలి. ఆ పలుకు చెవిన పడనిదే ముందు మనిషి అడుగు ఎత్తకూడదు. పలుకు రాకపోతే మళ్ళీ పిలవాలి. ఎంతసేపయినా నిలబడాలి. పలకనివాణ్ణి వదిలి ముందుకు పోయినవాడికి మల్లన్న మొహం చూపించడని ఆ ఊళ్ళ నమ్మకం. ఇప్పుడు సిమెంటు మెట్లు సగం దాకా వచ్చాయి, ఇనప కడ్డీలు వచ్చాయి, చేతిలో టార్చిలైట్లు వచ్చాయి. కొండెవరిదో అడిగేవాళ్ళూ లేరు, చెప్పేవాళ్ళూ లేరు.

గౌరమ్మ అత్తగారికి ఒక మొక్కుండేది. తన కోడళ్ళు ప్రతి ఏకాదశి తెల్లవారుజామునా కొండెక్కి దీపం పెట్టి రావాలని. ఆవిడ పోయినా మొక్కు పోలేదు. పెద్దకోడలు పైడమ్మ ముందు నడిచేది, చిన్నకోడలు గౌరమ్మ వెనక నడిచేది. పైడమ్మది పొలం గట్టు మీదనుంచి పిలిస్తే రేవులో ఉన్నవాళ్ళు పలికేటంత గొంతు. ఇంట్లో మాత్రం ఇద్దరూ తోడికోడళ్ళే, అంతకంటే చెప్పక్కర్లేదు. చల్లలో నీళ్ళెక్కువయ్యాయని ఒకతె అంటే, నీళ్ళు తెచ్చిందెవరని ఇంకొకతె అనేది. ఆ మాటలు మధ్యాహ్నానికి ఎండిపోయేవి. కానీ ఒక మాట ఎండలేదు. గౌరమ్మ మనవడి అన్నప్రాశన నాడు, పంక్తిలో చుట్టాలందరూ కూర్చుని ఉండగా, పప్పులో ఉప్పు లేదని ఎవరో అన్నారు. పైడమ్మ నవ్వుతూ, "ఉప్పు చూడమంటే మా గౌరి కళ్ళతో చూసొచ్చేస్తాదమ్మా!" అంది. పంక్తంతా గొల్లుమంది. గౌరమ్మ కూడా ఆ క్షణాన నవ్వింది. రాత్రి పడుకున్నాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తెల్లారేసరికి వేరే పొయ్యి పెట్టుకుంది.

అప్పట్నుంచి మాటల్లేవు. ఒకే వాకిలి, ఒకే నుయ్యి, మధ్యలో మాట లేదు. పండగలు వచ్చాయి, పెళ్ళిళ్ళు జరిగాయి, మాట మాత్రం రాలేదు. ఎవరు ముందు పలకరించాలన్న దగ్గర ఇద్దరూ మొండికేశారు. ఇద్దరికీ వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుకున్నారు. అయినా ఏకాదశి వచ్చేసరికి పైడమ్మ తెల్లవారుజామున లేచి గుమ్మంలో నిలబడి దగ్గేది. ఆ దగ్గు వినగానే గౌరమ్మ తలుపు గొళ్ళెం పెట్టి బయటికి వచ్చేది. ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఎడంగా నడుచుకుంటూ కొండదాకా పోయేవాళ్ళు. మాటలు మానేశాక వచ్చిన మొదటి ఏకాదశి నాడు గౌరమ్మ పళ్ళు బిగించుకుని ఎక్కింది, పిలిస్తే పలకకూడదని. మొదటి మలుపులో మంచులోంచి "కొండెవరిదోయ్?" అని వినపడగానే, నోరు ఆమెని అడక్కుండానే "మనదేనోయ్!" అంది. ఆ తరవాత ఆపుకోవాలని కూడా అనుకోలేదు. ఏకాదశికి ఏకాదశికి మధ్య రెండు వారాలూ ఆ నాలుగు కేకల కోసమే ఎదురుచూసేది. అవే వాళ్ళిద్దరి మధ్యా ఉన్న మాటలు. గౌరమ్మ లెక్కలో అది అక్క తనని పలకరించడమే. ఇవాళ గొంతులో కోపం తగ్గిందా, జలుబు చేసిందా, రాత్రి నిద్రపట్టిందా లేదా, అన్నీ ఆ రెండు ముక్కల్లోంచే పోల్చుకునేది.

కిందటేడు ఆషాఢంలో పైడమ్మకి జ్వరం వచ్చింది. గౌరమ్మ జావ కాచి తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టింది. పైడమ్మ లేచి కూర్చుని తాగింది. గౌరమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. ఒక్క మాట అంటే చాలు, కాళ్ళ మీద పడిపోదామని ఉంది. పైడమ్మ గిన్నె కింద పెట్టి అటు తిరిగి పడుకుంది. ఉప్పు సరిపోయిందో లేదో కూడా చెప్పలేదు. మర్నాడు పొద్దున్నకి ప్రాణం లేదు.

ఆ తరవాత ఏడాదిపాటు గౌరమ్మ ఒక్కతే కొండెక్కింది. ఎక్కడమంటే మామూలుగా ఎక్కడం కాదు. ముందు ఎవరో నడుస్తున్నట్టే, ఆ మనిషికి వెనక ఉండవలసినంత దూరంలో ఉండి, ఆ మనిషి నడక ఎంత నెమ్మదో అంత నెమ్మదిగా ఎక్కేది. ప్రతి మలుపు దగ్గరా ఆగి చెవి ఒగ్గి వినేది. గాలి తప్ప ఏమీ వినపడేది కాదు. కాసేపు నిలబడి, మళ్ళీ నడిచేది. గుడిలో దీపం పెట్టి దిగివచ్చాక ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ గొంతు వినపడితే ఈసారి "మనదేనోయ్"తో ఆపకుండా మిగిలిన మాటలన్నీ చెప్పేస్తానని మల్లన్నకి మొక్కుకుంది. చచ్చినవాళ్ళు పిలవరని తెలియనంత అమాయకురాలు కాదు. తెలిసినా ఆగేది కాదు.

ఆ ఏకాదశి నాడు కూడా అలాగే బయల్దేరింది. గుమ్మంలో దగ్గు లేదు. తనే గొళ్ళెం పెట్టుకుని తనే నడిచింది. కొండ మొదట్లో ఉసిరిచెట్ల మధ్య చీకటిగా ఉంది. టార్చిలైటు వెలుగులో రాత్రి కురిసిన మంచు ఆకుల చివర్లనుంచి బొట్లు బొట్లుగా రాలుతోంది. బోదగడ్డి వాసన, తడిమట్టి వాసన. సిమెంటు మెట్లు అయిపోయి పాత రాతిదారి మొదలయ్యేసరికి మంచు దట్టమైంది. చాపిన చెయ్యి కనపడుతోంది గానీ చేతిలో కర్ర చివర కనపడడంలేదు. లోయలోంచి చలిగాలి కొడుతోంది. కొంగు చెవుల చుట్టూ చుట్టుకుని, చుట్టుకుంటే వినపడదని మళ్ళీ తీసేసింది. ఉసిరి మలుపులో ఆగింది, విన్నది, నడిచింది. గుర్రపురాయి మలుపులో ఆగింది, విన్నది, నడిచింది. ఆ పైది ఏడుపు మలుపు. చంటిపిల్లల్ని తీసుకుని ఎక్కేవాళ్ళకి అక్కడికొచ్చేసరికి పిల్లలు ఎత్తుకోమని ఏడుపందుకుంటారని ఆ పేరు. గౌరమ్మ ఆ మలుపుకి ఇంకా కాస్త కిందుగా ఉండగానే, పైన మంచులోంచి ఒక కేక వచ్చింది.

"కొండెవరిదోయ్?"

గౌరమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నోరు తెరుచుకుంది. అంతలోనే ఆ గొంతు అక్కది కాదని చెవికి తెలిసిపోయింది. పలచని గొంతు. కేకవెయ్యడం అలవాటులేని గొంతు. "దోయ్" అన్నచోట సాగవలసినంత సాగలేదు. తెరుచుకున్న నోటిలో కొంగు కుక్కుకుంది గౌరమ్మ. అప్పుడు ఆమెకి వచ్చింది దుఃఖం అనుకుంటే పొరపాటు. వచ్చింది కోపం. ఏడాదిగా ఏ కేక కోసం కొండ కొండంతా వెతికిందో, ఆ కేకని ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి నోటికొచ్చినట్టు వాడేసుకుంది. ఆ కేక అక్కది. ఆ పలుకు అక్కకి దాచినది. దారినపోయేవాళ్ళకి ఇవ్వడానికి కాదు.

టార్చిలైటు ఆర్పేసి పక్కనున్న రాతి మీద కూర్చుంది. మళ్ళీ కేక వచ్చింది. పలకలేదు. ఇంకోసారి వచ్చింది, ఈసారి గట్టిగా. పలకలేదు. పట్నంవాళ్ళు ఎవరో సరదాకి అరుస్తున్నారు, అరిచి అరిచి వాళ్ళే పోతారు అనుకుంది. కాసేపటికి మళ్ళీ కేక. గొంతు వణికింది. ఆ వణుకు విన్నాక గౌరమ్మకి లోపల ఎక్కడో కలుక్కుమన్న మాట నిజమే. అయినా పెదవి విప్పలేదు. మాటలు మానేయడంలో ఆమెకి బోలెడంత అనుభవం ఉంది. చివరి కేక ఎంత చిన్నగా వచ్చిందంటే, దాన్ని కేక అనడానికి లేదు, ఎవరో తమలో తాము అనుకున్నట్టు వినపడింది. తరవాత ఏమీ లేదు. తూర్పున మంచు తెల్లబడింది, తెలుపులోంచి ఎరుపెక్కింది, ఎరుపులోంచి పసుపులోకి దిగింది. ఆ మనిషి పైకి వెళ్ళిపోయి ఉంటుంది, పీడా వదిలింది అనుకుని, అప్పుడు లేచింది గౌరమ్మ.

మలుపు తిరగగానే ఆగిపోయింది. దారి మధ్యలో, కొండ పక్కకి ఒరిగి ఒక అమ్మాయి కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. కాళ్ళకి బూట్లు, వీపుకి సంచి, జుట్టంతా మంచుకి తడిసి మొహానికి అంటుకుపోయింది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని చలికి వణుకుతోంది. గౌరమ్మని చూడగానే గబుక్కున లేచింది. ఆ పిల్ల మొహంలో కోపం కనపడుతుందని గౌరమ్మ సిద్ధపడింది. కనపడింది కోపం కాదు, గండం గడిచినప్పటి ఊరట.

"హమ్మయ్య, బాగానే ఉన్నారా అమ్మా! కింద మసగ్గా లైటు కనిపించింది, అడుగులు వినిపించాయి. పిలిచాను. అంతలో లైటు ఆరిపోయింది, అడుగులు ఆగిపోయాయి. ఎక్కడైనా జారిపడ్డారేమోనని భయమేసింది. దిగి చూద్దామంటే ఆ మంచులో నాకు దారి తెలియలేదు."

"నాకోసం కూకున్నావా తల్లీ?" అంది గౌరమ్మ.

"వెనక మనిషి పలక్కుండా అడుగెయ్యకూడదు కదా. మా అమ్మమ్మ చెప్పేది."

ఆ అమ్మాయి పేరు ఝాన్సీ. వాళ్ళ అమ్మమ్మది కొండకి ఆవలి పక్క ఊరట. చిన్నప్పుడు సెలవులకి వస్తే ఈ దారిన తీసుకొచ్చేదట. పోయిన నెల ఆవిడ కాలం చేస్తూ, ఒక్కసారి కొండ మీదికి పోయి, సూర్యుడు పైకి వచ్చే వేళకి ఆ బల్లపరుపు రాయి మీద నిలబడి, నా పేరు చెప్పి దణ్ణం పెట్టుకోవే అని అడిగిందట. ఝాన్సీకి ఉద్యోగం రాయపూర్‌లో. కర్మ అయ్యేదాకా ఉండడానికి దొరికిన సెలవు ఇవాళ్టితో సరి. మధ్యాహ్నం బండి అందుకోవాలంటే కింద పొద్దున్న బస్సు పట్టుకోవాలి. అందుకే చీకట్లోనే ఒక్కతే బయల్దేరింది. ఇవన్నీ ఆ పిల్ల ఒక వరసలో చెప్పలేదు, పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ముక్కలు ముక్కలుగా చెప్పింది. చెప్తూ చెప్తూ తూర్పువైపు చూసింది. సూర్యుడు కొండల మీదికి బారెడు వచ్చేసి ఉన్నాడు.

"ఇంకెంతో లేదమ్మా, దగ్గిరికొచ్చీసావు" అంది గౌరమ్మ, ఆత్రంగా. "ఆ కనిపించేది దొంగ శిఖరం, అసలుది కాదు. అది దాటితే గుడే. రా, నేను తోడొస్తాను. దణ్ణం ఇప్పుడు పెట్టుకున్నా మల్లన్న కాదంటాడేటి?"

ఝాన్సీ పైకి చూసింది, చేతి గడియారం చూసుకుంది. "అందదమ్మా. బస్సు పోతుంది" అంది. ముక్కు తుడుచుకుని, సంచి సర్దుకుని, అప్పుడు అడిగింది. నిందగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మీకు వినపడలేదా అమ్మా?"

అబద్ధం చెప్పడం తేలిక. గాలి హోరులో వినపడలేదంటే ఆ పిల్ల నమ్మేది. గౌరమ్మకి ఆ అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా. కానీ తన కోసం అంతసేపు చలిలో కూర్చున్న మొహాన్ని చూస్తూ ఆ మాట అనలేకపోయింది.

"వినబడింది తల్లీ."

"మరి పలకలేదేం?"

"నన్ను కాదనుకున్నానమ్మా" అంది గౌరమ్మ. అంటూనే ఏడుపు పొంగుకొచ్చింది. నోట్లో కొంగు కుక్కుకున్నా ఆగలేదు. పైడమ్మ పోయిననాడు కూడా పదిమందిలో అంత ఏడవలేదు. ఝాన్సీ ఏమనుకుందో ఏమో, చప్పున వచ్చి ఆమె భుజం మీద చెయ్యివేసింది. తన సూర్యోదయం పోగొట్టిన మనిషిని తనే ఓదారుస్తూ నిలబడింది. కాసేపయ్యాక, "నేను దిగుతానమ్మా" అంది. రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ ఆగింది. "ఒక్కసారి ఇప్పుడైనా పలుకుతారా? పలుకు లేకుండా కదలాలంటే ఎలాగో ఉంది."

ఎదురెదురుగా, చెయ్యి చాపితే అందేటంత దూరంలో నిలబడి ఆ పిల్ల "కొండెవరిదోయ్?" అంది, కేకలా కాదు, మామూలుగా. గౌరమ్మ గొంతులో ఆ పలుకు ఏడాదిగా వాడకుండా తుప్పుపట్టి ఉంది. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి పలికింది. "మనదేనోయ్." ఝాన్సీ తల ఊపింది. కళ్ళు తుడుచుకుని, నవ్వడానికి ప్రయత్నించి, గబగబా దిగిపోయింది. బూట్ల చప్పుడు గుర్రపురాయి మలుపు దాకా వినిపించి, ఆ తరవాత వినిపించలేదు.

గౌరమ్మ పైకి వెళ్ళింది. దీపం పెట్టింది. పేరు తెలియని ఆ అమ్మమ్మ తరఫున బల్లపరుపు రాయి మీద నిలబడి సూర్యుడికి దణ్ణం పెడదామని చేతులెత్తింది గానీ, ఎవరి పేరు చెప్పాలో తెలియక దించేసింది. పేరు కూడా అడగలేదన్న సంగతి అప్పుడు తట్టి, మళ్ళీ ఏడ్చింది. గుడి వెనక్కి వెళ్ళి నేలవేము కోసుకుంది. దిగుతూ ప్రతి మలుపులోనూ ఆగింది, కానీ పైనుంచి ఏదో వినపడుతుందని కాదు. కింద ఆ పిల్ల ఎక్కడైనా కనపడుతుందేమోనని లోయవైపు చూసింది. ఏడుపు మలుపు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద బస్సు పోతూ కనిపించింది.

మఠానికి వచ్చేసరికి ఎండెక్కింది. గురువుగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. గౌరమ్మ నేలవేము ఆయన ముందు పెట్టి, నిలబడే జరిగినదంతా చెప్పింది. తన కోపం సంగతి దాచలేదు, టార్చిలైటు ఆర్పిన సంగతి కూడా దాచలేదు. గురువుగారు ఒక్కొక్క రెమ్మా తీసి మట్టి దులిపి పక్కన పెడుతూ విన్నారు.

"ఎంత పాపిష్టిదాన్ని స్వామీ" అంది గౌరమ్మ చివరికి. "ఆ పిల్ల నాకోసం చలిలో కూకుంది. నేనేమో, నన్ను పిలిచే మనిషి ఒక్కతే, ఆ మనిషి పోయింది, ఇంకెవరు పిలిచినా నన్ను కాదనుకున్నాను. అక్క పిలుపు ఒక్కటే నాది అనుకున్నాను."

గురువుగారు చేతిలో రెమ్మ కింద పెట్టి, మొదటిసారి తలెత్తి ఆమె మొహంలోకి చూశారు.

"పైడమ్మ మలుపులో పిలిచేటప్పుడు నీ పేరు పెట్టి పిలిచేదా?"

గౌరమ్మ ఆలోచించింది. ఆ మంచు, ఆ మలుపులు, ఆ గొంతు, ఇన్నేళ్ళ ఏకాదశులు అన్నీ వెతుక్కుంది. ఒక్కచోట కూడా తన పేరు దొరకలేదు.

"లేదు స్వామీ" అంది. "కొండెవరిదోయ్ అనేది, అంతే."

"మరి అప్పుడు నిన్నేనని నీకెలా తెలిసేదమ్మా?" అన్నారు గురువుగారు.